కౌమారంలో పలుకుబడి – సంఘవ్యతిరేక ప్రవర్తన

తగాదాలు, బెదిరింపులు, చిల్లర దొంగతనాలు, బడి ఎగవేత, ఆస్తి ధ్వంసం వంటి చేష్టలను మనోవిజ్ఞానం సంఘవ్యతిరేక ప్రవర్తనగా పరిగణిస్తుంది. ఇటువంటి పిల్లలను తోటివారు దూరం పెడతారన్నది పాత అభిప్రాయం. చిన్న తరగతుల్లో అది చాలావరకు నిజమే. కౌమారంలో అడుగుపెట్టేసరికి లెక్క మారుతుంది.

‘నీకెవరంటే ఇష్టం?’, ‘తరగతిలో ఎవరికి పలుకుబడి ఉంది?’ అన్న ప్రశ్నలకు విద్యార్థులు ఒకే పేరు చెప్పరు. అమెరికాలో సిలెసన్, మేయూ అయిదు నుంచి తొమ్మిదో తరగతి వరకు పిల్లలను పరిశీలించి 2004లో ఫలితాలు ప్రకటించారు. వయసు పెరిగేకొద్దీ దూకుడుకు, ముఖ్యంగా తోటివారిని వెలివేసి నొప్పించే తీరుకు, పలుకుబడి తోడైంది. ఇష్టం మాత్రం తగ్గింది. మన విద్యార్థులు అటువంటివాడిని ‘హీరో’ అంటారు. ఆ మాటలో మెచ్చుకోలు ఎంతో, ఎత్తిపొడుపు అంత.

దీనికి టెరీ మాఫిట్ 1993లో ఒక కారణం చూపారు. శరీరం ఎదిగినా పెద్దల హక్కులు దక్కని కాలమది. నియమాలు మీరినవాడు ఆ వయసువారి కంటికి ముందే పెద్దవాడైనట్టు కనిపిస్తాడు. అధికశాతం మంది యౌవనంలో ఆ దారి వీడతారని, బాల్యం నుంచే దుడుకుగా ఉన్న కొద్దిమందిలో అది కొనసాగుతుందని ఆమె సిద్ధాంతం. వీడినవారికీ నష్టం తప్పదేమో. జోసెఫ్ ఆలెన్ బృందం 184 మందిని 13 ఏళ్ల నుంచి 23 ఏళ్ల వరకు గమనించి 2014లో నివేదించింది. పెద్దరికం ప్రదర్శించి తొలుత మెప్పు పొందినవారి ఆదరణ కొన్నేళ్లకే సన్నగిల్లింది. మద్యం, మత్తు, నేరాల సమస్యలు వారిలో ఎక్కువగా కనిపించాయి.

చికిత్స పేరిట ఇటువంటివారిని ఒకచోట చేర్చడం బెడిసికొట్టవచ్చు. తప్పుడు పనుల గురించి ఒకరు చెబితే మిగిలినవారు నవ్వడం, ఆ నవ్వే బహుమానం కావడం డిషియన్, మెకార్డ్, పూలిన్ 1999లో వివరించారు. అమెరికాలో 1939లో మొదలైన కేంబ్రిడ్జ్–సోమర్‌విల్ కార్యక్రమంలో వేసవి శిబిరాలకు ఒకటికి మించి వెళ్లిన బాలురకే మేలు కన్నా కీడు ఎక్కువ జరిగింది.

భారతదేశపు 2015 బాల న్యాయ చట్టంలోనూ ఈ జాగ్రత్త ఉంది. పరిశీలన గృహాలకు పంపిన పిల్లలను వయసు, లింగం ఆధారంగా, శారీరక, మానసిక స్థితిని, నేర తీవ్రతను దృష్టిలో పెట్టుకుని వేరుచేసి ఉంచాలి. 16 ఏళ్లు నిండినవారిపై ఘోర నేరారోపణ ఉంటే, నేరం చేయగల సామర్థ్యాన్ని, పర్యవసానాలు గ్రహించే శక్తిని, నేరం జరిగిన పరిస్థితులను బాల న్యాయ మండలి ముందుగా అంచనా వేస్తుంది. పోలీసు స్టేషన్లలో సహాయ ఎస్సై స్థాయికి తగ్గని బాలల సంక్షేమ అధికారిని నియమించే ఏర్పాటూ ఉంది. ఉక్కు కర్మాగారం పనులకు వెళ్లిన తెలుగు కుటుంబాలు తరాలుగా నివసిస్తున్న జంషెడ్‌పూర్‌లోని సీతారాండేరా ఠాణాకైనా, విజయవాడ ఠాణాకైనా ఇదే చట్టం వర్తిస్తుంది.