వ్యాయామానికీ ఒక ఆదివారం



తెల్లవారకముందే లేచి, డికాషన్ దిగేలోగా నాలుగు వీధులు చుట్టి వచ్చే అలవాటు మీలో చాలామందికి ఉండే ఉంటుంది. నాకూ ఉంది. నలభై దాటాక ఒళ్ళు బరువెక్కుతోందని మొదలుపెట్టాను. ఒక్కరోజు మానితే ఎక్కడ బద్ధకం పట్టుకుంటుందోనని నా భయం. జలుబు చేసినా, ముందురోజు చుట్టాలకు వండి వార్చి నడుం పడిపోయినా నడక మాత్రం మానలేదు. మూడు నెలలు తిరిగేసరికి మోకాళ్ళు మెట్లెక్కనివ్వలేదు. డాక్టరమ్మ దగ్గరికి వెళితే, మందు రాయకముందే ఆవిడ ఒక ప్రశ్న వేసింది. "వారంలో ఏ రోజు మానుతున్నారు?"

"ఏ రోజూ మాననండీ" అన్నాను గొప్పగా.

ఆవిడ నవ్వి, "అదేనమ్మా మీ జబ్బు" అంది.

ఆ మాట నన్ను పట్టుకుంది. వ్యాయామానికి సెలవేమిటి, ఎవరు పెట్టారు ఈ నియమం అని పుస్తకాలు తిరగేస్తే, ఇది నిన్నా మొన్నటి సంగతి కాదని తెలిసింది. ఆ కథే ఈవేళ మీకు చెప్పాలని.

పూర్వం గ్రీసు దేశంలో ఒలింపిక్ పోటీలు వెయ్యేళ్ళకు పైగా జరిగాయి. అన్నాళ్ళ అనుభవంతో అక్కడి వస్తాదులు నాలుగు రోజుల వరస ఒకటి ఏర్పాటు చేసుకున్నారు. మొదటి రోజు చురుకుగా, కొద్దిసేపు కసరత్తు. రెండో రోజు ఒంట్లో ఉన్న సత్తువంతా పెట్టి సాధన. మూడో రోజు విశ్రాంతి. నాలుగో రోజు మధ్యరకం. మళ్ళీ మొదటికి. చూశారా, విశ్రాంతిని కూడా కసరత్తులో ఒక భాగంగానే లెక్కవేసుకున్నారు.

బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కాని క్రీ.శ. మూడో శతాబ్దంలో వ్యాయామం మీద పుస్తకం రాసిన ఫిలోస్ట్రాటస్ అనే ఆయన ఈ పద్ధతిని తప్పుపట్టాడు. అందుకు ఒక మల్లుడి కథ చెప్పాడు. అతని పేరు గెరెనస్. ఈజిప్టులోని నౌక్రాటిస్ అనే ఊరివాడు. ఒలింపిక్‌లో కుస్తీ గెలిచాడు. గెలిచిన సంబరంలో స్నేహితులతో విందు చేసుకున్నాడు. అలవాటులేని తిండి, తాగుడు, పైగా నిద్ర లేదు. మర్నాడు తాలింఖానాకు వచ్చి, ఒంట్లో బాగాలేదని గురువుతో చెప్పుకున్నాడు. గురువు వింటేనా? వరస తప్పిందని మండిపడి, ఆ రోజు వంతు కసరత్తు చేయవలసిందేనన్నాడు. ఆ కసరత్తులోనే గెరెనస్ ప్రాణం పోయింది.

నన్ను ఆలోచనలో పడేసింది ఇదే. ఆ పద్ధతిలో విశ్రాంతి లేక కాదు. ఉంది. కాని లెక్కప్రకారం వచ్చిన రోజునే తీసుకోవాలి, ఒళ్ళు అడిగిన రోజున కాదు. గురువు వేళ్ళమీద రోజులు లెక్కపెట్టాడే గాని, ఎదురుగా నిలబడ్డ మనిషి ముఖం చూడలేదు.

మన పెద్దవాళ్ళు ఈ సంగతి మరోలా చెప్పారు. ఆయుర్వేదంలో చరకుడు, సుశ్రుతుడు, వాగ్భటుడు ముగ్గురూ వ్యాయామం మంచిదన్నవారే. అయితే బలంలో సగం మాత్రమే ఖర్చుపెట్టమన్నారు సుశ్రుతుడు, వాగ్భటుడు. సగమని తెలిసేదెలా? ఊపిరి నోటితో తీసుకోవలసి వచ్చిందంటే ఆగవలసిన వేళ వచ్చిందన్నమాట. చలికాలంలో, వసంతంలో సగం బలం దాకా చేయవచ్చు, తక్కిన కాలాల్లో ఇంకా తగ్గించుకోమన్నాడు వాగ్భటుడు. మన రోహిణీకార్తె ఎండలు ఎరిగినవారికి అందులోని మర్మం వేరే చెప్పాలా? మితిమీరినవాడి గతి, ఏనుగును ఈడ్చబోయిన సింహం గతి అవుతుందని కూడా హెచ్చరించారు. సింహానికి బలం లేకనా? ఉన్న బలానికి హద్దు తెలియకపోతే అంతే.

"పాతకాలపు మాటలకేం లెండి" అనేవారికి ఈ మధ్యకాలపు కథ ఒకటి. ఒక మైలు దూరాన్ని నాలుగు నిమిషాల లోపల పరుగెత్తడం మనిషివల్ల అయ్యే పనేనా అని ఒకప్పుడు లోకమంతా చర్చ. లండన్‌లో వైద్యం చదువుతున్న రోజర్ బానిస్టర్ అనే యువకుడు దానికి పూనుకున్నాడు. పావు మైలు చొప్పున పదిసార్లు, మధ్యమధ్య కాస్త వ్యవధి ఇచ్చి పరుగెత్తడం అతని సాధన. పావు మైలుకు 60 సెకన్లు పట్టాలి. 1954 ఏప్రిల్ నాటికి 61 దాకా వచ్చి, అక్కడ ఆగిపోయింది. ఎంత చేసినా ఆ ఒక్క సెకను తగ్గలేదు.

అప్పుడతను సాధన ఇంకా పెంచాడనుకుంటున్నారా? లేదు. పరుగు కట్టిపెట్టి, స్నేహితుడు క్రిస్ బ్రాషర్‌తో కలిసి స్కాట్లండ్ వెళ్ళి, కొద్దిరోజులు కొండలెక్కి వచ్చాడు. తిరిగివచ్చి పరుగెత్తితే 59 సెకన్లు! తర్వాత అసలు పరుగుకు ముందు అయిదు రోజులపాటు పూర్తిగా విశ్రాంతి తీసుకున్నాడు. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో 3 నిమిషాల 59.4 సెకన్లలో మైలు ముగించాడు. అంతకుముందెవరూ చేయని పని అది.

విశ్రాంతిలో ఇంత బలం ఎక్కణ్ణుంచి వస్తుంది? 1966లో స్వీడన్‌లో బెర్గ్‌స్ట్రామ్, హల్ట్‌మన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు తమమీదే పరీక్ష చేసుకున్నారు. ఒకే సైకిలుకు చెరోవైపు చేరి, చెరో కాలితో అలసిపోయేదాకా తొక్కారు. రెండోకాలికి పని లేదు. తర్వాత మూడు రోజులు అన్నంలాంటి పిండిపదార్థాలు బాగా తిని, రెండు కాళ్ళ కండరాలూ పరీక్షించారు. కండరంలో గ్లైకోజెన్ అని ఒక నిల్వ ఉంటుంది. మన ఇంట్లో బియ్యపుడబ్బాలాంటిది. పనిచేసిన కాలిలో ఆ డబ్బా ఖాళీ అయి, తిరిగి నిండేటప్పుడు రెండోకాలి డబ్బాకన్న రెట్టింపుకు పైగా నిండింది. అంటే పని డబ్బాను ఖాళీ చేస్తుంది, తిండీ విశ్రాంతీ నింపుతాయి. రోజూ ఖాళీ చేస్తూపోతే నిండేదెప్పుడు? బరువులెత్తినప్పుడు కండరాల్లో పడే చిన్న చిన్న చిరుగులు కుట్టుకుని గట్టిపడేది కూడా ఆ విరామంలోనే. అందుకే బరువుల కసరత్తు చేసినచోటే మర్నాడు మళ్ళీ చేయవద్దంటారు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. బొంబాయి మిల్లు కార్మికులకు వారానికొక ఆదివారం సెలవు రావడానికి నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ళతరబడి పట్టుబట్టి అడగవలసి వచ్చింది. 1890లో గాని అది దక్కలేదు. మరి మన వంటింటికి ఆదివారం ఎప్పుడొచ్చింది? అందరికీ సెలవైన రోజున మనకు రెండు కూరలు ఎక్కువ. నడకకు సెలవిచ్చామని, ఆ గంటలో దుప్పట్లు నానబెట్టి ఉతికితే అది విశ్రాంతి ఎలా అవుతుంది? నా మోకాళ్ళు నొచ్చింది ఒక్క నడకవల్లే కాదు. నడక తర్వాత రోజంతా చేసిన చాకిరీని నేను లెక్కలో వేసుకోకపోవడంవల్ల.

కాబట్టి ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పి, వారానికొక రోజు మీకంటూ పెట్టుకోండి. మంచానికి అంటుకుపోనక్కరలేదు. పెరట్లోనో మేడమీదో నింపాదిగా నాలుగడుగులు వేయండి, ఆ పూట వంట తేలిక చేసుకోండి. జ్వరం వచ్చిన రోజు, నిద్రలేని రాత్రి గడిచిన రోజు, ఒళ్ళు కాదన్న రోజు లెక్క చూడకుండా మానేయండి. అంతేగాని ఒక రోజు సెలవు ఆరు రోజుల సెలవు కాకూడదు సుమండీ!

నేనిప్పుడు గురువారం నడవడం లేదు. మొదటి గురువారం మావారు "ఏం, ఒంట్లో బాగాలేదా?" అన్నారు. "బాగుండాలనే" అన్నాను. ఆ పూట కాఫీ ఆయనే కలిపారు. మెట్లు ఇప్పుడు బాగానే ఎక్కుతున్నాను.

ఇక నాకు సెలవు. మీకూ వారానికొకటి దొరకాలని కోరుకుంటున్నాను.