పాత పెళ్లి సీడీలు, పాత ఫోన్ వీడియోలు ఇప్పటి ఫోన్‌లో, టీవీలో ఆడాలంటే

పేరేసంద్ర, బాగేపల్లి, చింతామణి వైపు మన ఇళ్లలో చాలాచోట్ల బీరువా పైఅరలో ఒక సీడీల సంచి ఉంటుంది. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, ఊరి భజనలు అందులోనే ఉంటాయి. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు నేర్చుకుంటున్న మన పిల్లలకు, వాళ్లు చూడని అవ్వాతాతల మాట వినిపించేది కొన్నిసార్లు ఆ సీడీ ఒక్కటే. కొత్త లాప్‌టాప్‌లలో సీడీ పెట్టే చోటే ఉండడం లేదు. సీడీ మీద గీతలు పెరిగే కొద్దీ చదవడమూ కష్టమవుతుంది. అందుకే ఈ పని వాయిదా వేయవద్దని మా మాట.

మీ దగ్గర ఉన్నది ఏ రకం?

వీసీడీ: 1993లో వచ్చిన పద్ధతి. ఒక సీడీలో సుమారు 74 నిమిషాలు పడుతుంది. తెరిస్తే 'ఎంపెగ్‌ఏవీ' అనే ఫోల్డర్‌లో 'డీఏటీ' ఫైల్ కనిపిస్తుంది. బొమ్మ కొలత 352 × 288 చుక్కలు మాత్రమే.

డీవీడీ: 'వీడియో_టీఎస్' ఫోల్డర్‌లో 'వీఓబీ' ఫైళ్లు ఉంటాయి. ఒక్కొక్కటి 1 జీబీ దాటదు కాబట్టి ఒకే పెళ్లి నాలుగైదు ముక్కలుగా కనిపిస్తుంది.

3జీపీ: పాత బటన్ ఫోన్లలో తీసినవి.

ఎఫ్‌ఎల్‌వీ: ఇంటర్నెట్ నుంచి దించుకున్న పాత వీడియోలు. వీటికి ఆధారమైన ఫ్లాష్ ప్లేయర్‌ను అడోబీ సంస్థ 2020 డిసెంబర్ 31తో నిలిపివేసింది.

ఏవీఐ: 1992లో మైక్రోసాఫ్ట్ తెచ్చినది. డిజిటల్ కెమెరాల్లో చాలాకాలం వాడారు.

పేరు మారిస్తే సరిపోదు

ఫైల్ చివర 'డీఏటీ' తీసేసి 'ఎంపీ4' అని రాస్తే వీడియో మారిపోదు. రాగుల మూట మీద బియ్యం అని రాసినట్టే ఉంటుంది. ఎంపీ4 అనేది మూట. లోపలి గింజ వేరు. బొమ్మకు హెచ్.264, శబ్దానికి ఏఏసీ అనే పద్ధతులు ఎంచుకుంటే దాదాపు అన్ని ఫోన్లూ టీవీలూ ఆడిస్తాయి. దీని తర్వాత వచ్చిన హెచ్.265తో ఫైల్ చిన్నదవుతుంది గానీ, పాత టీవీలు కొన్ని దాన్ని చూపించవు.

ముందుగా నకలు తీయండి

మెత్తని బట్టతో సీడీని మధ్య నుంచి అంచు వైపు నేరుగా తుడవండి, గుండ్రంగా తిప్పవద్దు. డ్రైవ్ లేకపోతే యూఎస్‌బీతో తగిలించే డ్రైవ్ వాడవచ్చు. ఒక డ్రైవ్‌లో చదవని సీడీ మరో డ్రైవ్‌లో చదవవచ్చు. ఫోల్డర్ మొత్తం కంప్యూటర్‌లోకి నకలు చేశాకే మార్చే పని మొదలుపెట్టండి. ఆ ఫైల్‌ను వీఎల్‌సీ ప్లేయర్‌లో ఆడించి చూడండి. చూసుకోవడానికి అదే చాలనుకుంటే మార్చే అవసరమే లేదు.

ఆన్‌లైన్‌లో మార్చడం

చిన్న ఫైళ్లకు ఇది సులువు. సైట్‌లో ఫైల్ ఎక్కించి, ఎంపీ4 ఎంచుకుని, మార్చాక దించుకోవాలి. మొదలు, నడుమ, చివర ఆడించి, మాట, బొమ్మ కలిసి వస్తున్నాయా చూడండి. తర్వాత సైట్‌లో తొలగించే మీట ఉంటే మీ ఫైల్‌ను తీసేయండి.

పెద్ద ఫైళ్లకు చిక్కు ఉంది. 650 ఎంబీ వీసీడీ ఫైల్ ఎక్కడానికి సెకనుకు 5 మెగాబిట్ల వేగంలో 17 నిమిషాలు, 1 మెగాబిట్ వేగంలో గంటన్నర దగ్గర పడుతుంది. ఉచితంగా మార్చే సైట్లు ఫైల్ కొలతకు హద్దు కూడా పెడతాయి.

అంతకంటే ముఖ్యమైనది భద్రత. ఎక్కించిన ప్రతి ఫైల్ ఎవరిదో కంప్యూటర్‌కు చేరుతుంది. ఉచితంగా ఫైళ్లు మారుస్తామనే నకిలీ సైట్లు కంప్యూటర్లలోకి వైరస్ పంపుతున్నాయని అమెరికా ఎఫ్‌బీఐ డెన్వర్ కార్యాలయం 2025 మార్చిలో హెచ్చరించింది. వీడియో ఇస్తామని చెప్పి 'ఈఎక్స్‌ఈ' ఫైల్ ఇచ్చినా, ఏదైనా ఇన్‌స్టాల్ చేయమన్నా అక్కడే ఆపేయండి. ఆడవాళ్లు, పిల్లలు ఉన్న ఇంటి వీడియోలను తెలియని సైట్లకు ఎక్కించకపోవడమే మేలు.

ఇంట్లోనే మార్చుకోవడం

హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రాం కంప్యూటర్‌లోనే పని చేస్తుంది, ఫైల్ ఇల్లు దాటదు. దాన్ని దాని సొంత సైట్ నుంచే దించుకోండి. డీవీడీ అయితే ముక్కలు విడివిడిగా కాకుండా 'వీడియో_టీఎస్' ఫోల్డర్ మొత్తం తెరవండి, పెళ్లి ఒకే వీడియోగా వస్తుంది. కదిలే చోట బొమ్మ అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలుంటే 'డీఇంటర్‌లేస్' ఎంచుకోండి. డీఏటీ ఫైళ్లకు వీఎల్‌సీలోని 'కన్వర్ట్/సేవ్' కూడా పనికొస్తుంది. బొమ్మ కొలత పెంచవద్దు. 352 చుక్కలను 1920కి సాగదీస్తే ఫైల్ బరువు పెరుగుతుంది తప్ప అవ్వ ముఖం స్పష్టం కాదు.

దాచుకోవడం, పంచుకోవడం

మార్చాక పాత ఫైల్‌ను చెరిపేయవద్దు. మార్చిన ప్రతిసారీ నాణ్యత కొంత తగ్గుతుంది. రేపు మళ్లీ మార్చాల్సి వస్తే మొదటి ఫైల్ నుంచే మార్చాలి. రెండు నకళ్లు రెండు చోట్ల, వీలైతే రెండు ఇళ్లలో ఉంచండి. టీవీకి పెట్టే పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే 4 జీబీకి మించిన ఫైల్ పట్టదు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ పాడవుతుంది. 2 జీబీ లోపు ఫైల్‌ను 'డాక్యుమెంట్'గా పంపండి.

ఫైల్‌కు పేరు పెట్టేటప్పుడు ఊరు, సంవత్సరం, ఎవరి పెళ్లి అన్నది రాయండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే వాళ్లతో కూర్చుని చూసి, కనిపించేవాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. వీడియోను ఏ ప్రోగ్రామైనా మార్చగలదు. అందులో ఎవరు ఎవరో చెప్పగలిగేది వాళ్లే.