ప్రయాణికుని వకాలతు

తెలుగులో "వకాల్తా" అనే మాట అరబీ నుంచి వచ్చినదని నేడు ఎందరికో తోచదు. "నీవెందుకు అతని తరఫున వకాల్తా పుచ్చుకుంటావు?" అని చదువురాని వారు సైతం అంటారు. కోర్టులో మన పక్షాన నిలిచేవాడు వకీలు. ఈ మాటలకు మూలమైన అరబీ ధాతువుకు ఒక పనిని మరొకరికి అప్పగించడం, ఒకరిపై భారం వేయడం అని అర్థం. అల్లాహ్‌పై భారం వేయడాన్ని "తవక్కుల్" అంటాము. అది కూడా ఈ ధాతువు నుంచి పుట్టినదే. అయితే అల్లాహ్‌పై వేసే భారానికి హద్దు లేదు; మనిషి మనిషిపై వేసే భారానికి హద్దు ఉండి తీరాలి. ఆ హద్దును మన పూర్వులు ఎలా గీశారో ఈ వ్యాసంలో పరిశీలిద్దాము.

ఈ విషయం నన్ను వెంటాడటానికి ఒక కారణమున్నది. కొన్ని సంవత్సరాల క్రితం గల్ఫ్ దేశం నుంచి తిరిగి వచ్చిన ఒక సోదరుడు ఇంగ్లీషులో ఉన్న ఒక ముఖ్తార్‌నామాను నా వద్దకు తెచ్చి, అందులో ఏమున్నదో తెలుగులో చెప్పమన్నాడు. ప్రయాణానికి ముందురోజు దగ్గరి బంధువు పేర సంతకం చేసి ఇచ్చిన పత్రమది. ఇంటి అద్దె వసూలు చేయడానికని అతను అనుకున్నాడు. చదివి చూస్తే తనఖా పెట్టే అధికారం, అమ్మే అధికారం కూడా అందులో ఉన్నాయి. స్థలం అప్పటికే చేతులు మారింది. "మనవాడే కదా అని నమ్మాను" అన్నాడతను. నమ్మడం తప్పు కాదు. కాని నమ్మకం ఒక్కటే చాలునని మన ధర్మవేత్తలు ఏనాడూ అనలేదు.

దైవప్రవక్త ముహమ్మద్ (స) జీవితంలోనే ఇందుకు దృష్టాంతాలున్నాయి. క్రీ.శ. 622లో హిజ్రత్ చేసేనాటికి మక్కావాసులు ఆయన వద్ద దాచుకున్న అమానతులు ఉన్నాయి. ప్రాణం తీయజూసిన ప్రజల సొమ్ము అది. అయినా ఆయన హజ్రత్ అలీ (రజి)ని వెనుక ఉంచి, ఎవరి వస్తువు వారికి చేర్చే పని అప్పగించారు. అలీ (రజి) మూడు రోజులు మక్కాలో ఉండి, ఆ పని ముగించి, తరువాతనే మదీనా దారి పట్టారని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. ఇక్కడ వకాలతుకు ఒక పని ఉన్నది. ఆ పనితోనే అది ముగిసింది.

ఇమామ్ బుఖారీ తమ హదీసు సంకలనంలో వకాలతుకు ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించారు. అందులో హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఉదంతమున్నది. మదీనాకు వచ్చిన తరువాత, మక్కాలో ఉన్న తమ ఆస్తిని కాపాడటానికి ఆయన ఉమయ్య బిన్ ఖలఫ్‌తో వ్రాతపూర్వకంగా ఒప్పందం చేసుకున్నారు. ఉమయ్యకు మదీనాలో ఉన్నదాన్ని తాము చూస్తారు. తమకు మక్కాలో ఉన్నదాన్ని ఉమయ్య చూస్తాడు. ఉమయ్య ఇస్లాంకు శత్రువు, హజ్రత్ బిలాల్ (రజి)ను హింసించినవాడు. పత్రంలో "అబ్దుర్రహ్మాన్" అన్న పేరు వ్రాయగా, ఆ రహ్మాన్ ఎవరో తనకు తెలియదని, పాత పేరు వ్రాయమని ఉమయ్య పట్టుబట్టాడు. ఆయన "అబ్దు అమ్ర్" అని వ్రాశారు. బద్ర్ యుద్ధంలో ఉమయ్యను కాపాడబోయి, తమ శరీరాన్ని అతనికి అడ్డుపెట్టి, కాలికి గాయం కూడా పొందారు. మతం వేరైనా, ఊళ్ళ మధ్య యుద్ధమున్నా, వ్రాసుకున్న మాటకు విలువ ఉన్నదని ఈ ఉదంతం తెలుపుతున్నది.

అబూ దావూద్ సంకలనంలోని మరొక కథనం ఇంకా సూక్ష్మమైనది. హజ్రత్ జాబిర్ (రజి) ఖైబర్‌కు ప్రయాణమై దైవప్రవక్త (స) వద్ద సెలవు తీసుకోబోయారు. అక్కడి తమ వకీలు దగ్గర 15 వసఖుల ఖర్జూరం తీసుకోమని, అతను ఆనవాలు అడిగితే అతని మెడ ఎముకపై చేయి వేయమని ఆయన చెప్పారు. వచ్చినవాడు నిజంగా యజమాని పంపినవాడేనా అని వకీలు నిర్ధారించుకోవాలి. నేటి సంతకం, ముద్ర, సాక్షులు చేసే పనిని నాడు ఆ ఆనవాలు చేసింది.

తరువాతి కాలంలో ఫుఖహాలు ఈ దృష్టాంతాల నుంచి సూత్రాలు తీశారు. మన హనఫీ పాఠశాలల్లో చదివే "హిదాయా"లో వకాలతుకు ఒక పూర్తి ప్రకరణం ఉన్నది. ఆ గ్రంథకర్త మర్గీనానీ 1197లో మరణించారు. వ్యాజ్యంలో ఎదుటి కక్షిదారు సమ్మతి లేకుండా వకీలును పెట్టి తాను తప్పుకోరాదని ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయం. అయితే రోగికి, మూడు రోజుల ప్రయాణ దూరంలో ఉన్నవానికి మినహాయింపు ఇచ్చారు. ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ ఆ సమ్మతి అవసరమే లేదన్నారు.

మరొక చర్చ మన సోదరుని పత్రానికి నేరుగా వర్తిస్తుంది. యజమాని ధర చెప్పకుండా "అమ్ము" అని మాత్రమే అంటే వకీలు ఎంతకు అమ్మవచ్చు? మాటకు హద్దు పెట్టలేదు గనుక ఎంతకైనా అమ్మవచ్చునని అబూ హనీఫా అన్నారు. లోకంలో నడిచే ధరకు తగినట్లే అమ్మాలని శిష్యులిద్దరూ అన్నారు. వకీలు తన తండ్రికో కుమారునికో అమ్మరాదని అబూ హనీఫాయే నిషేధించారు. గురుశిష్యులు ఎక్కడ విడిపోయినా, హద్దులేని మాట ప్రమాదాన్ని తెస్తుందన్న ఎరుక ఇద్దరిలోనూ కనబడుతుంది. వకీలు చేతిలోని సొమ్ము అమానతు. యజమాని అనుమతి లేనిదే అతను మరొకరిని తన స్థానంలో నియమించరాదు. యజమాని మరణంతో వకాలతు ముగుస్తుంది. యజమాని ఎప్పుడైనా అతన్ని తొలగించవచ్చు, కాని ఆ వార్త అతనికి చేరిన తరువాతనే తొలగింపు అమలవుతుంది.

ఈ సూత్రాలు గ్రంథాలలోనే నిలిచిపోలేదు. 12వ శతాబ్దంలో ఏడెన్ రేవులో మద్‌మూన్ బిన్ హసన్ అనే యూదు వర్తకుడు "వకీలుత్తుజ్జార్", అనగా వర్తకుల ప్రతినిధిగా ఉండేవాడు. ఎదుట లేని వర్తకుల సరుకును, లెక్కలను అతను చూసేవాడు. కైరోలోని పాత యూదు ప్రార్థనాలయంలో దొరికిన ఉత్తరాల వల్ల ఇది తెలిసింది. అతనితో వ్యవహరించిన అబ్రహాం బెన్ యిజూ మన మంగళూరులో ఏళ్ళ తరబడి వ్యాపారం చేసి, తన పనులపై ఒక స్థానిక సేవకుని ఏడెన్‌కు పంపేవాడు. కైరోలో వర్తకుల సరుకు దాచే సత్రాలకే "వికాల" అన్న పేరు స్థిరపడింది. 16వ శతాబ్దపు ఆరంభంలో సుల్తాన్ ఘూరీ కట్టించిన వికాల నేటికీ నిలిచి ఉన్నది.

1869–1876 మధ్య ఉస్మానీ ప్రభుత్వం సిద్ధం చేసిన "మజల్లా" న్యాయస్మృతి హనఫీ సూత్రాలను అంకెలు వేసిన నిబంధనలుగా మార్చింది. దాని 11వ గ్రంథం వకాలతు గురించినదే. ఇంచుమించు అదే కాలంలో భారతదేశంలో 1872 కాంట్రాక్టు చట్టం వచ్చింది. రెండింటి మూలాలు వేరు. అయినా తొలగింపు వార్త చేరినప్పుడే ప్రతినిధి అధికారం పోతుందని, యజమాని మరణంతో అది ముగుస్తుందని రెండూ చెబుతున్నాయి.

నేడు విదేశంలో ఉన్నవాడు భారత కాన్సులేటు అధికారి ఎదుట గాని నోటరీ ఎదుట గాని ముఖ్తార్‌నామా వ్రాసి ఇవ్వవచ్చు. అది మన దేశం చేరిన మూడు నెలలలోగా స్టాంపు సుంకం చెల్లించాలి. కేవలం జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ద్వారా జరిపే అమ్మకం ఆస్తి హక్కును బదిలీ చేయదని సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పింది. అయితే అమ్మే అధికారం పొందినవాడు యజమాని తరఫున క్రయపత్రం రిజిస్టరు చేయించడాన్ని ఆ తీర్పు ఆపదు. కాబట్టి రక్షణ పత్రంలోని మాటలలోనే ఉండాలి.

ఆ సోదరుని పత్రంలో నాలుగు మాటలు లేవు: ఏ పని, ఏ హద్దు, ఎంతకాలం, లెక్క ఎప్పుడు. అవి వ్రాసినంత మాత్రాన బంధువును అనుమానించినట్లు కాదు. అతన్ని ఆశకు గురికాకుండా కాపాడినట్లు. హజ్రత్ అలీ (రజి) కంటే నమ్మదగినవారు ఎవరుంటారు? ఆయనకు సైతం ఎవరి అమానతు ఎవరికి చేర్చాలో చెప్పి ఆ పని అప్పగించారు. మన ఇంటి నుంచి ఎవరైనా దూరదేశానికి బయలుదేరుతుంటే, సామాను సర్దే ముందు ఆ పత్రాన్ని వారికి తెలిసిన భాషలో ఒకసారి చదివి వినిపించండి.