ఒక్కరోజు యాత్ర – నాలుగు శతాబ్దాల చరిత్ర

విశాఖ హార్బరు 1933లో ప్రారంభమైనది. ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగినది. ముస్లిములు ఈ ప్రాంతానికి ఆ ఉద్యోగాల కోసమే వచ్చారని మన పిల్లల్లో చాలామంది అనుకుంటున్నారు. బడిలో ఈ మాట విన్నప్పుడల్లా మాకు బాధ కలుగుతుంది. దీనికి జవాబు కోసం దూరదేశాలు పోనక్కరలేదు. సభ్యులు ఒక ఆదివారం బస్సు మాట్లాడుకొని కుటుంబాలతో బయలుదేరితే చాలును.

మొదట హార్బరు దగ్గరి మూడు కొండలు చూద్దాం. ఒకదానిపై వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదానిపై మేరీమాత చర్చి, మూడోదానిపై హజ్రత్ ఇషాక్ మదీనా దర్గా ఉన్నాయి. రేవుకు వచ్చే ఓడలు, పోయే ఓడలు జెండాను మూడుసార్లు ఎత్తి దించి ఈ దర్గాకు సలాము చేసేవని ఇంగ్లీషువారి పాత జిల్లా గ్రంథాలు చెబుతున్నాయి. హిందూ ఓడ యజమానులు వెండి పడవలు మొక్కు చెల్లించేవారట. ఇదంతా హార్బరు పుట్టకముందు సంగతి!

అక్కడినుంచి భీమిలి. డచ్చివారు వ్యాపారం చేసి, 1825లో ఇంగ్లీషువారికి అప్పగించిపోయిన ఊరిది. వారి సమాధులు నేటికీ ఉన్నాయి.

మధ్యాహ్నానికి విజయనగరం కోట. దీనికి 1713లో, విజయ నామ సంవత్సరంలో, విజయదశమి నాడు పునాది వేశారు. కోటకు తగిన చోటు చూపించినది అక్కడి అడవిలో తపస్సు చేసుకుంటున్న మహబూబ్ వలీ అనే ఫకీరు అని ఐతిహ్యం. రాజుగారి కోటకు ఫకీరు దువా! అన్నీ ఇలాంటి మంచి రోజులే అని మేము అనము. 1757లో బొబ్బిలి యుద్ధం కూడా ఈ గడ్డ మీదనే జరిగింది. పిల్లలకు రెండూ చెప్పాలి.

అసర్ వేళకు శ్రీకాకుళం చేరవచ్చును. పాత కాగితాల్లో దీని పేరు చికాకోలు, సన్నని మస్లిన్ బట్టకు పేరుపొందిన ఊరు. గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా కాలంలో ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో ఇక్కడ జామియా మసీదు కట్టించాడు. తరువాత ఆర్కాటు నవాబైన అన్వరుద్దీన్ ఖాన్ కూడా ముందు ఇక్కడ ఫౌజుదారే. 1753లో ఈ సర్కారు ఫ్రెంచివారికి, 1765 నాటి షా ఆలం ఫర్మానాతో ఇంగ్లీషువారికి పోయింది. ఫౌజుదార్లు పోయారు, మసీదు నిలిచింది.

ఇక అసలు మాట. మన పాత మసీదుల్లో, గోరీల మీద అరబీ, ఫారసీ అక్షరాలుంటాయి. సున్నం వేసేటప్పుడో, మరమ్మతు చేసేటప్పుడో అవి పూడిపోతే పేరూ తేదీ పోయినట్టే. పోర్చుగల్ దేశంలో మెర్తొలా అనే ఊరి చర్చి ఒకనాటి మసీదు. అందులోని మిహ్రాబును అక్కడివారు చెరపలేదు, నేటికీ యాత్రికులు చూస్తున్నారు. పరమతం గురుతునే వారు నిలుపుకోగా, మన గురుతులను మన చేతులతోనే పూడ్చుకుంటామా?

కనుక యాత్రకు పోయేటప్పుడు టిఫిన్ క్యారియరుతోపాటు కాగితం, పెన్సిలు కూడా పట్టుకుపోదాం. అలిఫ్, బే నేర్చిన పిల్లలు అక్షరాలు పోల్చి రాస్తారు, ఫారసీ వచ్చిన బుజుర్గులు అర్థం చెబుతారు. దానికి తెలుగు అర్థం కూడా రాసి సొసైటీ రిజిస్టరులో భద్రపరిస్తే, మన పొరుగువారు సైతం చదువుకుంటారు. చదవగల పెద్దలు మన మధ్య ఉండగానే ఈ పని జరగాలని మా మనవి.