గీసేటోనికే చెట్టు

జర దగ్గరికి జరుగుండ్రి, పొగ అటే మళ్లుతున్నది. ఆ తాటికమ్మ ఇంకోటి మంటల ఎయ్యి బిడ్డా. ఆఁ, ఇప్పుడు జెప్పు, ఫోన్ల ఏమొచ్చిందన్నవు? మల్లోసారి సదువు.

గదేనా! ఒక సారు క్లాసుల అందరి మార్కులు కలిపి సమానంగ పంచిండట. మంచిగ సదివేటోడు అలిగి సదువు బందు వెట్టిండట. సదువనోడు ఎట్లాగు సదువడాయె. ఆఖరుకు అందరు ఫేలయిండ్రట. సోషలిజమంటె ఇదేనని కింద రాసిండ్రు. ఈ కత ఎన్నేండ్ల సంది తిరుగుతున్నదో! ఇన్నప్పుడల్ల నాకు నవ్వొస్తది. ఎందుకంటవా? మా నాయిన కాలంల గూడ మార్కులు పంచుతుండ్రి. దున్నినోనికి సున్న, గీసినోనికి సున్న, బట్ట నేసినోనికి సున్న. గడిల పట్టెమంచం మీద పండుకున్న దొరకు నూటికి నూరు. అప్పుడు మాత్రం కష్టపడ్డోని మార్కులు ఇంకోడు గుంజుకుంటున్నడని ఎవ్వరూ కత రాయలే.

మీకు వెట్టి అంటె పుస్తకంల మాట. మాకు పొద్దుగాల లేస్తె ఎదురొచ్చేది. మా నాయిన గీసే తాళ్లల్ల మంచిగ పారేటి అయిదు చెట్లు దొరవని లెక్క. చెట్టెక్కేది మా నాయిన. మోకు జారి పడితె ఇరిగేది మా నాయిన నడుము. చెట్టు పన్ను గట్టేది గూడ మా నాయినే. కల్లు మాత్రం గడికి. గడికి సుట్టాలొచ్చిండ్రంటె ఆ అయిదు చెట్లతోని తీరదు, దిగిన లొట్టి దిగినట్టే పోవాలె. చాకలోళ్లు బట్టలుతికి, అంట్లు తోమి, నీళ్లు మొయ్యాలె. కుమ్మరోళ్లు కుండలియ్యాలె. మంగలాయన రాత్రి దొర కాళ్లు పిసకాలె. మాదిగోళ్లు చెప్పులు కుట్టియ్యాలె, దొర బండి ముందర ఉరకాలె. పైస లేదు, గింజ లేదు. నీ బాంచెన్ కాల్మొక్త అనుకుంట వంగి వంగి ఎనుకకే నడిచి బయటికి రావాలె. వెట్టి తప్పని నిజాం సర్కారు కాగితం మీద రాసుకున్నది గని, ఆ కాగితం ఏ గడి దర్వాజ గూడ దాటలే.

ఈ వెట్టిని ఎదిరించిన సంగం ఎట్లొచ్చిందంటరా? ఆంధ్ర మహాసభ అని ముందే ఉండె. 1930ల జోగిపేటల మొదటి సభ. సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షుడు. అప్పట్ల వకీళ్లు, సదువుకున్నోళ్లు, తెలుగు బడుల కోసం, గ్రంథాలయాల కోసం కొట్లాడుతుండ్రి. మంచి పనే గని మా గుడిసెల దాంక రాలే. 1944ల భువనగిరి సభతోని మారింది. రావి నారాయణరెడ్డి అధ్యక్షుడైండు. సభ్యత్వం రుసుము ఒక్క అణా చేసిండ్రు. అణా ఇచ్చినోనికి ఓ చిట్టీ. గందుకే దాన్ని చిట్టీల సంగమన్నరు. మా నాయిన చిట్టీని మడిచి రుమాల్ల కట్టుకొని తిరిగిండు.

ఇప్పుడు పాలకుర్తి అయిలమ్మ సంగతి జెప్త, జాగ్రత్తగ ఇనుండ్రి. ఆమె చాకలామె. కౌలుకు భూమి పట్టి సాగు జేసింది. విసునూరు దేశముఖు కండ్లు దాని మీద వడ్డయి. పంట కోసుకురమ్మని మనుషులను పంపిండు. సంగపోళ్లు గుతపలు వట్టుకొని ఎదురు నిలవడ్డరు, ధాన్యం అయిలమ్మ ఇంటికి చేరింది. ఎర్రజెండ అంటె ఉన్నోని ఆస్తి గుంజుడే అంటరు గదా? మరి ఇక్కడ ఎవని ఆస్తి ఎవడు గుంజవొచ్చిండు? ఆమె దొర గడిల భాగం అడగలే. నేను పండించిన గింజ నా ఇంట్ల ఉంటదన్నది, గంతే. నాకు సోషలిజం గురించి మొదలు తెలిసింది గదే. తర్వాత ఎన్ని పుస్తకాలు సదివినా అంతకంటె మంచిగ ఎవ్వరు చెప్పలే.

1946 జూలై 4న కడవెండిల ఊరేగింపు మీద దొర మనుషులు తుపాకులు పేల్చిండ్రు. దొడ్డి కొమురయ్య పానం పోయింది. ఆ వార్త ఊరూరికి పాకినంక వెట్టి నిలవలే. మా నాయిన ఓ పొద్దున లొట్టి దించి, గడి ముందటి తొవ్వనే పట్టుకొని సీదా ఇంటికొచ్చిండు. దర్వాజ కాడి జీతగాడు పిలిచిండట, ఈయన మళ్లి సూడలే. మా అమ్మ ఆ కల్లు తాగనియ్యలే, ఏం జరుగుతదో అని పొద్దుమూకి దాంక దాచిపెట్టింది.

భూములు పంచుడు ఆ తర్వాతి మాట. దానిమీద గూడ పుకార్లు తక్కువ లేవు. సంగపోళ్లొస్తె నీ బర్లు, నీ కోళ్లు, నీ గొంగడి అన్ని కలిపి లెక్క గడ్తరని గడి మనుషులు మా వాడకట్టుకొచ్చి చెప్పిండ్రు. ఉన్నది ఒక్క మేక, దాన్ని జూసి మా నానమ్మ రాత్రంత నిద్రవోలే. అసలు సంగతేంది? దొరకు అయిదు నూర్ల ఎకరాలు ఉండనిచ్చి మిగిలింది పంచాలని మొదలు పెట్టిండ్రు. తర్వాత రెండు నూర్లన్నరు, ఆఖరుకు నూరెకరాల కుష్కి అంటె మెట్ట, పదెకరాల తరి అంటె మాగాణి అన్నరు. నూరెకరాలు! మా నాయినకు ఒక్క కుంట లేదు. సమానంగ పంచుడంటె గిట్లనే ఉంటదా? పది లక్షల ఎకరాల దాంక పంచినమని సంగాన్ని నడిపిన కమ్యూనిస్టు పార్టీ లెక్క. ఇండ్ల సామాను ముట్టిన ముచ్చట మా దిక్కు నేనినలే. అడిగింది ఒక్కటే. ఇంకోని కష్టం మీద పెత్తనం ఇచ్చేటి ఆస్తి ఒక్కని చేతిల అంతగనం ఉండొద్దని.

పట్నం నుంచొచ్చిన పంతులొకాయన రాత్రి బడి పెట్టిండు, నేను అక్కడ్నే అక్షరాలు నేర్చిన. తర్వాత విశాలాంధ్ర బండొస్తె రష్యా పుస్తకాలు కొంటుంటి. దళసరి అట్ట, మంచి కాగితం, ధర జూస్తె చాయ్ పైసలు. అన్నిట్ల సగం సమజ్ కాకపోయేది. మార్క్సు 1875ల జర్మనీ పార్టీ కార్యక్రమం మీద రాసిన విమర్శ మాత్రం సమజైంది. అందరికి సమానంగ పంచుడే సోషలిజమని ఆ పార్టోళ్లు రాసుకుంటె, మార్క్సు వాళ్ల మీద ఎగిరిండు. ఒకనికి పెండ్లాం పిల్లలుంటరు, ఒకనికి ఉండరు, ఒకడు బలంగ ఉంటడు, ఒకడు ఉండడు, అందరికి ఒకటే కొలతేస్తె సమానమెట్లయితది అన్నడు. పంపకం చుట్టు తిరుగకుండ్రి, ఉత్పత్తి సాధనాలు ఎవని చేతిల ఉన్నయో జూడుండ్రి అన్నడు. రష్యాల 1936 రాజ్యాంగంల గూడ చేసిన పనిని బట్టే ఫలితమని రాసుకున్నరు. మీ ఫోన్ల కత రాసినాయన దీంట్ల ఒక్క పేజీ గూడ తిరగెయ్యలే, అనుమానమే లేదు.

ఇంకో రకపోళ్లుంటరు. సర్కారుదైతె సోషలిజం, ప్రైవేటుదైతె కాదంటరు. వాళ్ల లెక్కన మన నిజామే అందరికన్న ముందటి సోషలిస్టు! రైల్వేను 1930లనే సర్కారు కొన్నది. 1932ల 27 బస్సులతోని సర్కారు బస్సు నడిపిండ్రు. బోధనుల చక్కెర ఫ్యాక్టరీల సర్కారు పెట్టుబడి ఉండె. 1945ల సింగరేణి వాటాలు ఎక్కువ భాగం సర్కారు చేతికొచ్చినయి. అయితె ఏమైంది? బొగ్గు తవ్వినోడు కూలి గురించి మాటెత్తితె పోలీసులొస్తుండ్రి. ఆస్తి సర్కారుదైతె చాలదు బిడ్డా, ఆ సర్కారు ఎవని మాట ఇంటదో జూడాలె.

రష్యా సంగతి గూడ గట్లనే జెప్పాలె. నేను దాచిపెట్ట. మా పార్టీ ఆఫీసుల అడిగితె కోపమొచ్చేటోళ్లు గూడ ఉండె. రైతుల భూములను బలవంతంగ కలిపి, గింజలు ఊడ్చుకపోతె 1932-33ల ఉక్రెయినుల లక్షల మంది ఆకలితోని సచ్చిండ్రు. భూమి దొర చేతికెల్లి పోయింది నిజం. రైతు చేతికి రాలే. మధ్యల ఆఫీసరు కూసున్నడు. 1991ల అదంత కూలినప్పుడు మా వాళ్లు శానమంది ఏడ్సిండ్రు. నాకు దుఃఖం ఆ ఏడు కాదు, ముందే అయిపోయింది.

మన దిక్కు గూడ అంత సక్కగ సాగలే. 1948 సెప్టెంబరుల యూనియన్ సైన్యాలొచ్చినయి, నిజాం లొంగిండు. దొరల మీద, నిజాం మీద సంగం ఎత్తిన తుపాకి ఇగ దించుదామని రావి నారాయణరెడ్డి అన్నడు, కాదు సాగాలన్నోళ్లు ఎక్కువమంది. 1951 అక్టోబరు దాంక ఆపలే. నడుమల ఎన్ని పానాలు పోయినయో! అదే ఏడు ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లికొచ్చిండు. హరిజనులు 80 ఎకరాలు అడిగితె వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలిస్తనన్నడు. పెద్ద మనసు, కాదనను. గని దానంల ఇచ్చేటోని మాట చెల్లుతది, తీసుకునేటోడు దండం వెట్టాలె. అయిలమ్మ దండం వెట్టి అడగలే గదా. 1952 ఎన్నికల్ల జనం తమ మాట జెప్పిండ్రు. రావి నారాయణరెడ్డికి నల్లగొండల నెహ్రూ కంటె ఎక్కువ ఓట్లు గుద్దిండ్రు.

మరి ఉచితంగ ఇచ్చేటియి? రెండు రూపాయలకు కిలో బియ్యమొచ్చినప్పుడు మన ఇంట్ల గూడ రెండు పూటల అన్నం దొరికింది. ఎవ్వరన్న దాన్ని ఎక్కిరిస్తె నాకు కోపమొస్తది. గని గది సోషలిజమని మాత్రం అనకుండ్రి. జర్మనీల బిస్మార్కు అనేటాయన 1878ల సోషలిస్టుల మీద నిషేధం పెట్టిండు, 1883ల కార్మికులకు జబ్బు బీమా ఇచ్చిండు, 1889ల ముసలోళ్లకు పింఛను పెట్టిండు. ఎందుకు? వాళ్లు సోషలిస్టుల దిక్కు పోవద్దని! మన దేశంల ఇంకో తమాష. 1976ల రాజ్యాంగం పీఠికల సామ్యవాద అనే మాట చేర్చిండ్రు. అది ఎమర్జెన్సీ కాలం. ఆ మాట చెప్పుకుంట తిరిగినోళ్లల్ల శానమంది అప్పుడు జైల్లల్ల ఉండిరి.

నాకు కండ్లతోని కనవడ్డది అంటె మన గీత సొసైటీ. దొర పోయినంక మా బతుకు బాగుపడలే, కంట్రాక్టరొచ్చిండు. సర్కారు హర్రాజు వెడుతుండె, పైసలున్నోడు పాడుకుంటుండె, మా చెట్లనే మేం ఆయన కింద కూలికి గీస్తుంటిమి. సూర్యాపేట ధర్మభిక్షం లెక్కటోళ్లు గీసేటోనికే చెట్టు అనుకుంట ఊరూరు తిరిగిండ్రు. దున్నేటోనికే భూమి అన్నట్టే గిది గూడ. కొట్లాడి కొట్లాడి సొసైటీలు పెట్టించుకున్నం. చెట్లు గీసే హక్కు సొసైటీది, సర్కారుకు గట్టే కిరాయి అందరం కలిసి గడుతుంటిమి.

ఏడాదికోసారి చెట్ల పంపకం. ఆ దినం జూడాలె మీరు. పొద్దుగాల వనంలకు పోతె ఎండ నడినెత్తికొచ్చిన తెగదు. తలా ఇన్ని అని లెక్కవెట్టి ఇస్తె అయిపాయె గదా అనుకుంటరు. కాదు. పోతుతాడు పారే కాలం వేరు, పరుపుతాడు పారే కాలం వేరు, పండుతాడు ఇంకోటి. ఒకనికి అన్ని పోతుతాళ్లే పోతె లెక్కకు సమానం, ఇంట్ల పొయ్యికి గాదు. కాబట్టి మూడు రకాలు కలిపి వంతులు గట్టాలె. మోకాళ్లు నొచ్చే ముసలోనికి పొట్టి చెట్లు, తొవ్వ పక్కనున్నయి. చెట్టు మీదికెల్లి పడి పోయినోని కొడుకు ఇంక మోకు వట్టని పిల్లగాడైతె, ఆ వంతు ఇంకోడు గీసి ఆ ఇంటికి భాగమియ్యాలె. అందరు అరుస్తరు, తిట్టుకుంటరు, ఒకడు రుమాలు ఇసిరికొట్టి పోతడు, మల్లొస్తడు. పంపకం అయినంక ఎవడెంత గీస్తె వానికంత. నేను చీకటితోని లేచి పోయేది, నాకు నాలుగు పైసలెక్కువ. పొద్దెక్కినంక లేచేటోనికి తక్కువ. నా లొట్టిల కల్లు తీసి వాని లొట్టిల ఎవ్వరు పొయ్యలే. అట్లని నాకు పదిమందిని కూలికి పెట్టుకొని వనమంత నాదనే హక్కు గూడ లేదు.

సొసైటీ అంటె స్వర్గమనుకోకుండ్రి. మనోళ్లల్లనే ఒకడు అధ్యక్షుడై ఏండ్ల తరబడి దిగలే. లెక్కల పుస్తకం ఆయనింట్ల పెట్టెల ఉంటుండె. మంచి వనం ఆయన సుట్టాలకు, ఎండిన చెట్లు అడిగినోనికి. బోర్డు మీద సొసైటీ అనే ఉండె, లోపల మల్ల గడే. ఎవ్వరు మీటింగుకు పోలే, గందుకే గట్లయింది. ఆఖరుకు ఆడోళ్లు పోయి దర్వాజ ముందట కూసుంటె పుస్తకం బయటికొచ్చింది. దాంట్ల ఏముండెనో ఇప్పుడు తవ్వుడెందుకు, ఆయన గూడ లేడు.

ఇగ పండుకోండ్రి, మంచు పడుతున్నది. బిడ్డా, నువ్వు బీకాం సదువుతున్నవు గదా. ఆయితారం సొసైటీ మీటింగున్నది, ఏడాది లెక్కలు సదువుతరు. నా కండ్లకు ఆ సన్న అంకెలు కనవడవు. నువ్వు నాతోని రా. పుస్తకం అడిగి తీసుకో, ఒక్కొక్క పద్దు పైకి సదువు. ఇయ్యమంటె సభ్యుని మనుమరాల్ననీ, సభ్యుడు నీ పక్కనే కూసున్నడనీ చెప్పు.