సింహమనిపించుకొన్న పిల్లి

16వ శతాబ్దమున అమెరికా చేరిన స్పెయిను దేశస్థులు, జూలులేని ఒక గోధుమవన్నె మృగమును చూచి సింహమనిరి. క్వెచువా ప్రజలు దానిని ప్యూమా అనెడివారు. 1771లో లినేయస్ 'ఒకే రంగు పిల్లి' అను అర్థము గల లాటిన్ నామము నిచ్చెను. పిల్లి యనుటయే సరియైనది.

తూకమున పులి, సింహము, జాగ్వారు దీనిని మించినవి. మగ ప్యూమా సాధారణముగా 50-70 కిలోగ్రాములుండును, అనగా ఇంచుమించు చిరుతపులి యంత. భూమధ్యరేఖకు దూరమున నివసించునవి మరికొంత పెద్దవి. అయినను చిరుతపులి గర్జించును, ప్యూమా పెంపుడు పిల్లివలె గురగురలాడును! 1917లో బ్రిటిష్ జంతుశాస్త్రజ్ఞుడు పోకాక్, నాలుక మొదట నుండు ఎముకల నిర్మాణమును ముఖ్యాధారముగా గొని, గర్జించు పెద్ద మృగములనుండి దీనిని వేరుచేసెను. గర్జనకు ఆ ఎముకలే కారణము కావని పిమ్మట తేలినను, ఆ విభజన నిలిచినది. జన్యుపరిశోధనలు చూపిన దీని దగ్గరి జ్ఞాతి జాగ్వారుండి. అది పెంపుడు పిల్లికంటె కొంచెమే పెద్దది.