యంత్రమునకు తొలి పాఠము: ఫర్మ్‌వేర్ కథ

ఓనమాలు రాని పిల్లవానికి పెద్ద పుస్తకమిచ్చి చదువుకొమ్మన్నచో ఏమి ప్రయోజనము? ముందుగా ఎవరో ఒకరు వాని చేయి పట్టుకొని అక్షరములు దిద్దించవలెను. కంప్యూటరు సంగతియు ఇంతే. విద్యుత్తు అందిన మరుక్షణమున అది మొదట ఏ ఆజ్ఞను నెరవేర్చవలెనో ఎచ్చటనో వ్రాసియుండవలెను. ఈ వ్రాతకే ఫర్మ్‌వేర్ అని పేరు. మన చేతిలోని ఫోను కూడ ఒక కంప్యూటరే. చౌక ఫోను ఒకటి కంపెనీ గుర్తును చూపి అచ్చటనే ఆగిపోయినదనగా, చాలసార్లు చెడినది యంత్రము కాదు, దానిలోని వ్రాత. ఆ వ్రాతను చెరిపి మరల వ్రాయుటనే ఫ్లాషింగ్ అందురు.

సికింద్రాబాదు పరిసరములలో ఈ కథకు 1967వ సంవత్సరమును ఆరంభముగా గ్రహింపవచ్చును. ఆ యేడు హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అనగా ఇ.సి.ఐ.ఎల్. స్థాపింపబడినది. దానికి సారథి పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు. సికింద్రాబాదు ప్రక్కనున్న ఏ.ఎస్.రావు నగర్ ఆయన పేరిట వెలసినదే. ట్రాంబేలో రూపొందిన టి.డి.సి.-12 అను కంప్యూటరు 1969లో పనిలోనికి వచ్చినది. తరువాత ఇటువంటి యంత్రములను ఇ.సి.ఐ.ఎల్. తయారుచేసినది.

ఆ కాలపు చిన్న కంప్యూటర్లకు తొలి పాఠము చెప్పుట శ్రమతో కూడిన పని. ముందు పలకపైనున్న మీటలను పైకి, క్రిందికి మార్చుచు కొద్దిపాటి ఆజ్ఞలను చేతితోనే ఎక్కింపవలసి యుండెడిది. ఆ ఆజ్ఞల బలముతో యంత్రము రంధ్రములు గల కాగితపు పట్టీని చదువుట నేర్చుకొనును. మిగిలిన కార్యక్రమమంతయు ఆ పట్టీ నుండి లోనికి వచ్చును. ఒక్క మీట తప్పినను పట్టీ చదువబడదు. నేటి ఫోను మరమ్మతులో ఎదురగు చిక్కులకు మూలము ఇచ్చటనే కలదు.

ఫర్మ్‌వేర్ అను మాటను 1967లో ఆషర్ ఓప్లర్ అను అమెరికా రచయిత ప్రవేశపెట్టెను. గట్టిదగు యంత్రమునకును, మార్చుకొనదగు కార్యక్రమమునకును నడిమిది యని దాని భావము. 1971లో ఇంటెల్ సంస్థలో డోవ్ ఫ్రోమన్ మరల వ్రాయుటకు వీలగు స్మృతి ఫలకమును కనుగొనెను. దానిని చెరుపుటకు గాజు కిటికీ గుండ అతినీలలోహిత కిరణములను చాలసేపు ప్రసరింపజేయవలెను. జపానులోని తోషిబా సంస్థకు చెందిన ఫుజియో మసువోకా విద్యుత్తుతోనే పెద్ద భాగములను ఒక్కమారుగా చెరుపు విధమును రూపొందించి 1984లో ప్రకటించెను. కెమెరా మెరుపువలె క్షణములో చెరిగిపోవుటచే దానికి ఫ్లాష్ అను పేరు వచ్చినది. 1987లో అదే సంస్థ వెల్లడించిన నాండ్ రకపు వారసులే నేటి ఫోన్లలో కనిపించును.

తొలి ఆండ్రాయిడ్ ఫోను 2008లో విపణికి వచ్చినది. హైదరాబాదులో 2009లో మొదలైన సెల్‌కాన్ సంస్థ 2014లో సుమారు 3,000 రూపాయలకే ఆండ్రాయిడ్ ఫోనును అమ్మినది. 2015లో మేడ్చల్‌లో ఫోన్ల కర్మాగారము కూడ తెరిచినది. స్మార్టు ఫోను సామాన్యునికి అందినది ఇట్టి ఫోన్ల వలననే. కాని వానిలో స్మృతి బహు స్వల్పము. కంపెనీలు కొంతకాలమునకే క్రొత్త ఫర్మ్‌వేర్ పంపుట మానివేసినవి. అందుచే మరమ్మతు భారము వీధి దుకాణముపై పడినది.

మీడియాటెక్ చిప్పు గల ఫోనును ఉదాహరణగా తీసికొందము. చిప్పు లోపల తయారీనాడే చెక్కబడిన చిన్న కార్యక్రమమొకటి కలదు. దానిని ఎవరును చెరుపలేరు. ఫోనును ఆర్పి కంప్యూటరుకు తగిలించినచో అది కొద్ది క్షణములు మాత్రమే మాటకై ఎదురుచూచును. ఆ వ్యవధిలో కంప్యూటరు పలుకరింపవలెను. తగిన డ్రైవరు లేకున్నను, తీగ వదులుగా నున్నను ఆ అదను దాటిపోవును. స్కాటర్ ఫైలు అనునది ఏ భాగమును ఏ చిరునామాలో వ్రాయవలెనో తెలుపు పటము. ఫోనులోని విభజనకును ఈ పటమునకును పొంతన కుదరనిచో పి.ఎం.టి. మారినదని తప్పు చూపును. 4032 అను తప్పు వచ్చినచో తాత్కాలిక స్మృతి మేల్కొనలేదని అర్థము. వేరు ఫోనుకు చెందిన ఫర్మ్‌వేర్ వాడుట దీనికి తరచుగా కనబడు కారణము. పైకి ఒకే పేరు, ఒకే రూపము గల రెండు ఫోన్లలో వేరు వేరు స్మృతి ఫలకములు ఉండవచ్చును గనుక, పేరు చూచి మాత్రమే ఫైలును ఎన్నుకొనరాదు.

అన్నిటికంటె ప్రమాదకరమైనది సమస్తమును చెరిపి వ్రాయు ఆజ్ఞ. ఫోను గుర్తింపు సంఖ్యయగు ఐ.ఎం.ఇ.ఐ., రేడియో సవరణ లెక్కలు ఒక ప్రత్యేక భాగములో నుండును. అవి పోయినచో ఫోను వెలుగును గాని మాటలాడదు. ఆ సంఖ్యను ఇచ్చవచ్చినట్లు మార్చుట నేరమని 2017 నాటి కేంద్ర ప్రభుత్వ నియమములు చెప్పినవి. దొంగ ఫోన్లను గుర్తించుటకు ఆధారము అదియే గదా!

సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ కంప్యూటరు దుకాణములకు పేరుపొందినది. అట్టి అంగళ్లలో పని నేర్చుకొను యువకులు మొదట అలవరచుకొనదగిన నియమమొకటి కలదు. క్రొత్తది వ్రాయుటకు ముందు పాతదానిని పూర్తిగ చదివి భద్రపరచవలెను. బ్యాటరీలో తగిన బలమున్నదో లేదో చూచుకొనవలెను. ఇందుకు పట్టునది కొద్ది నిమిషములే. కూలిపని చేసికొని కొనుక్కొన్నవాని ఫోనులోని బిడ్డల ఛాయాచిత్రములు నిలుచుటయో, పోవుటయో ఆ కొద్ది నిమిషములపైననే ఆధారపడియుండును.